ఆరో చీటీ

ఆసుపత్రిలో ఆమెను ఎదురుగా మేడం అనేవాళ్లు, పక్కకి తిరిగాక లెక్కలమ్మ అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ లోపల్లోపల మురిసిపోయేది, అదీ ఆమె జబ్బు. మూడో అంతస్తులో రికార్డుల గది, గదిలో ఒక కంప్యూటరు, కంప్యూటర్లో ఆమె స్వయంగా రాసుకున్న ప్రోగ్రాం. ఛాతీ విభాగం నుంచి నెలకోసారి రోగుల మార్కులు వస్తాయి. ఎవరికి ఆయాసం ఎక్కువో వాళ్లకి మార్కు ఎక్కువ. ప్రోగ్రాం ఆ మార్కుల్ని పైనుంచి కిందికి పేర్చి ఇస్తుంది. పైనున్న పన్నెండు మందికి ఇంట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునే యంత్రాలు ఇస్తారు. మిగతావాళ్లు వచ్చే నెల దాకా ఎదురుచూస్తారు, చూడగలిగితే.

జాబితాలో పేర్లుండవు. కార్డు నంబర్లే ఉంటాయి. ఆ పద్ధతి పెట్టించింది కూడా ఆమే. పేరు కనిపిస్తే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే లెక్క చెడుతుంది అని ఆసుపత్రి పెద్దసారుతో వారం రోజులు వాదించి మరీ సాధించింది. మార్కులు కూడా బయటికి పోవు. కింద పంపిణీ కిటికీకి చేరేది ఒట్టి నంబర్ల వరస. ఎవరి మార్కు ఎంతో కిటికీలో కూర్చున్నవాడికి తెలీదు, తెలుసుకోవాలన్న కోరికా వాడికి లేదు.

ఆ వరసలో ఆమె సొంత అక్క కూడా ఉంది.

అక్క ఆమెకంటే పదేళ్లు పెద్ద. పరుపుల కార్ఖానాలో ముప్పై ఏళ్లు దూది వేరుచేసింది. పొడుగు పోగుది ఒక గంపలోకి, పొట్టి పోగుది ఒక గంపలోకి, నలకలున్నది ఇంకో గంపలోకి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి ఏది ఏ రకమో చెప్పేసేది. ఆ దూది ధూళి ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది. ఆ జీతంతోనే చెల్లెలు గణాంకాల చదువు చదివింది. ఈ మాట అక్క ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే బాగుండేది, ఎప్పుడో ఒకసారి పోట్లాడుకుని తేల్చుకునేవాళ్లు.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో, నాలుగో అంతస్తులో. లిఫ్టు చెడిపోయి రెండేళ్లు. జాబితా వెళ్లిన ప్రతి సాయంత్రం అక్క అడిగేది.

"నా వంతు వచ్చిందా చిట్టీ?"

"నేను చూడనక్కా. నీ కార్డు నంబరు కూడా నాకు తెలీదు. వంతొస్తే వాళ్లే ఫోన్ చేస్తారు."

"చూస్తే కళ్లు పోతాయా?"

"చూస్తే నేను చేసే పనికి విలువ పోతుంది."

అక్క నవ్వేది. నవ్వు కాస్తా దగ్గయ్యేది, దగ్గు తగ్గేసరికి నవ్వెందుకొచ్చిందో ఇద్దరూ మర్చిపోయేవాళ్లు. కార్డు ఎక్కడో లేదు, అక్క దిండు పక్కన సొరుగులోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు మహాతల్లి. అయిదు నెలల కిందట అక్క వంటింటి దాకా నడిచి వచ్చి కూర కలిపేది. ఇప్పుడు మంచం నుంచి కుర్చీకి పోతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడుతోంది. చెల్లెలు అది రోజూ చూసేది. చూసి, మనకంటే ఘోరంగా ఉన్నవాళ్లు ఇంకెంతమందో పాపం అనుకునేది. ఊరికే అనుకోవడం కాదు, నిజంగానే నమ్మేది. జాబితా చెప్పింది కదా మరి.

ఒక మంగళవారం పొద్దున ఆమె టీ తాగుతుండగా గది గుమ్మంలో దబ్బుమని శబ్దమైంది. డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒకడు భుజం మీంచి ఊపిరి యంత్రాన్ని దించి నేల మీద పెట్టాడు. ప్యాంటు నిండా ఏనాటివో రంగుల మరకలు. యంత్రం పద్నాలుగు కిలోలు, మెట్లు మూడంతస్తులు, మనిషి మాత్రం రొప్పడం లేదు.

"ఇది మీరిచ్చిందేనటగా అమ్మా. వెనక్కి తీసుకోండి."

"కింద కిటికీలో ఇవ్వాలండీ."

"నాలుగుసార్లు పోయాను. లిస్టులో నీ నంబరుంది, కాబట్టి నీదే, తీసుకోం అంటున్నారు. చచ్చిపోయినవాళ్లదైతే తీసుకుంటారంట, దానికి ఫారం ఉందంట. బతికున్నవాడు తిరిగిస్తే రాసుకోడానికి ఫారం లేదంట. ఏం చెయ్యమంటారు, దీనికోసం ఇప్పుడు నేను చావాలా?"

ఆమెకు నవ్వొచ్చింది. "మీకు ఆయాసం లేదా?"

"దగ్గుందమ్మా. నలభై ఏళ్లు గోడలకి రంగులేశాను, దగ్గుండదా? నిచ్చెన ఇప్పటికీ ఎక్కుతాను. ఇది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మా ఆవిడకి నిద్ర లేదు, నాకేదో మాయరోగం వచ్చిందనీ, తనకి చెప్పకుండా దాస్తున్నాననీ. పక్క వాటాలో ఒకావిడ నిజంగానే ఊపిరాడక గిలగిల్లాడుతోంది. పోనీ ఆవిడకిద్దామంటే ఆవిడ నంబరు వేరంట, లెక్క ఒప్పుకోదంట. ఆ లెక్క వేసేది మీరేనన్నారు. అందుకే మోసుకొచ్చా."

"లెక్కలో తప్పు రాదండీ," అంది ఆమె, అలవాటు చొప్పున. "కార్డు ఇలా ఇవ్వండి."

నంబరు కొట్టింది. ఛాతీ విభాగం పంపిన ఫైల్లో ఆయనకి ఎదురుగా ఉన్న మార్కు 9.

"ఎంతొచ్చిందమ్మా?"

"తొమ్మిది."

"వందకా?"

"అంతే. ఇంటికి మెట్లెక్కువుంటే ఇంకొన్ని కలుపుతారు. వంద దాటేవాళ్లు కూడా ఉంటారు."

"అయితే నేను ఫెయిలేగా. ఫస్టు వచ్చినవాళ్లకివ్వాల్సింది తెచ్చి ఫెయిలైనవాడికిస్తే ఎలా తల్లీ?"

ఆమె నంబరు మళ్లీ కొట్టి చూసింది. రంగులాయన కాసేపు చూసి, యంత్రాన్ని ఆమె బల్ల పక్కకి జరిపి, కార్డు తీసుకుని వెళ్లిపోయాడు. మెట్లు దిగుతూ ఈల వేసుకుంటున్నాడు. కింది అంతస్తు చేరేదాకా ఆ ఈల వినిపించింది.

ఆమె తలుపు గడియ పెట్టి ప్రోగ్రాం తెరిచింది. ఒక్కొక్క వాక్యాన్నీ విడిగా నడిపించుకుంటూ పోయింది. పదిహేడో వాక్యం దగ్గర ఆగింది. టీ చల్లారిపోయింది.

ఆ ప్రోగ్రాం రాసిన గణాంకాల భాషకి ఒక గుణం ఉంది. కాలమ్‌లో పైనుంచి కిందిదాకా అంకెలే ఉంటే అంకెలుగానే చదువుతుంది. మధ్యలో ఎక్కడైనా ఒక్క మాట తగిలిందా, కాలమ్ మొత్తాన్నీ మాటల కిందే జమకడుతుంది. అప్పుడు దానికి 9 అంటే తొమ్మిది కాదు, 9 అని రాసిన ఒక చీటీ. వేర్వేరుగా ఉన్న చీటీలన్నిటినీ ఏరి, నిఘంటువులో మాటల్లాగా మొదటి అక్షరం చూసి వరసగా పేర్చుకుంటుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ ముందు, తొమ్మిదితో మొదలయ్యేవన్నీ చివర. పది, నూట ఒకటి, నూట నాలుగు, పదకొండు, నూట పన్నెండు, నూట పదిహేడు, పన్నెండు, ఇదీ దాని వరస. ఇంత వరకూ దానికున్న పిచ్చి. అసలు దారుణం దీని తర్వాత ఉంది. "వీటిని అంకెలుగా మార్చు" అని అడిగితే అది చీటీ మీద ఏముందో చదివి చెప్పదు. చీటీ వరసలో ఎన్నోదో ఆ సంఖ్య ఇస్తుంది. నూట పదిహేడు ఆరో చీటీ, కనక ఆరు. తొమ్మిది డెబ్భై నాలుగో చీటీ, కనక డెబ్భై నాలుగు. ఇచ్చేటప్పుడు ఒక్క హెచ్చరిక ఉండదు.

మరి మాట ఎక్కణ్ణించి వచ్చింది? అయిదు నెలల కిందట ఏ గడీ ఖాళీగా వదలొద్దని ఛాతీ విభాగానికి ఉత్తర్వు వెళ్లింది. అంతకుముందు పరీక్షకి రాని రోగి గడి ఖాళీగా ఉండేది. ఉత్తర్వు వచ్చాక అక్కడి నర్సమ్మ బుద్ధిగా "రాలేదు" అని కొట్టడం మొదలుపెట్టింది. ఆ నెల ప్రోగ్రాం ఆగిపోయింది, మాటలకి సగటు తియ్యలేనని మొరాయించింది. అప్పుడు లెక్కలమ్మ రెండు వాక్యాలు చేర్చింది. రానివాళ్లని పక్కన పెట్టు, మిగిలిన కాలమ్‌ని అంకెలుగా మార్చు. ప్రోగ్రాం నోరు మూసుకుని నడిచింది. సగటు కూడా ఎప్పటిలాగే ముప్పై చిల్లర వచ్చింది. ఆమె ఆ రోజు అయిదింటికే ఇంటికెళ్లి అక్కకి కాళ్లు పట్టింది.

ఈ గొయ్యి ఎక్కడుందో ఆమెకు తెలీదా అంటే, తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి ఏటా శిక్షణ ఇచ్చేటప్పుడు మొదటి రోజు మొదటి గంటలో చెప్పేది ఈ సంగతే. నవ్వించి మరీ చెప్పేది. దీపం కింద చీకటి అంటారే, ఆ చీకట్లో అయిదు నెలలు కుర్చీ వేసుకుని కూర్చుంది.

దిద్దడానికి నిమిషం పట్టలేదు. చీటీని ముందు మాటగా చదివి తర్వాత అంకె చెయ్యమంటే సరి, ఒక్క పదం తేడా. కొత్త వరస వచ్చింది. వంద దాటినవాళ్లు ఏడుగురు, అందరూ పైకొచ్చారు. ఈ అయిదు నెలలూ ఆ ఏడుగురూ పదీ పదకొండూ పన్నెండు మార్కులవాళ్ల మధ్యన, అట్టడుగున ఉన్నారు. ఎవరికి ఊపిరి అస్సలు ఆడటం లేదో వాళ్లనే ఏరి కింద పడేసిందన్నమాట. నంబర్లు ఎవరివో అప్పుడు కూడా చూడలేదు. కాగితం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లింది.

పెద్దసారు అంతా విన్నాడు. మంచివాడే, ఫైలుకి తప్ప దేనికీ భయపడడు. పేర్ల రిజిస్టరు ఆయన బీరువాలోనే ఉంటుంది. తీసి, ఏడు నంబర్లకీ ఎదురుగా వేలు పెట్టి చూశాడు. ఇద్దరి దగ్గర ఎర్ర గీత ఉంది. అంటే కార్డు మూసేశారు. అంటే ఆ మనుషులు లేరు. తర్వాత మళ్లీ పై వరసకి వచ్చి ఆగాడు.

"మొదటి కార్డు, మార్కు నూట పదిహేను..."

"పదిహేడు సార్."

"నూట పదిహేడు. చిరునామా మీ ఇంటిదండీ."

ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"మీకు తెలీదా?"

"తెలీదు సార్."

"నేను నమ్ముతాను," అన్నాడు ఆయన, ఆ మాటలో నమ్మకం తక్కువగానే ఉంది. "బయటివాళ్లు నమ్మాలిగా. లెక్కలు చేసేది మీరు, తప్పు పట్టుకున్నది మీరు, దిద్దింది మీరు, దిద్దగానే పైకొచ్చింది మీ అక్కగారు. అసలీ తప్పు ఉందంటే ఎవరైనా ఒప్పుకుంటారా మేడం?"

"నేను నంబర్లు చూడలేదు సార్. అయిదు నెలలుగా ఒక్కసారి కూడా చూడలేదు. మీకు తెలుసు."

"నేనేమైనా అన్నానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది తన వ్యవహారం అని ఆమెకే అనిపించింది. దొంగతనం చెయ్యకుండానే భుజాలు తడుముకోవాల్సి రావడం ఇంకా సిగ్గు.

పెద్దసారు దారి చెప్పాడు. జాబితా మార్చడమంటే కమిటీకి పోవాలి, కమిటీ కూర్చునేది రెండు నెలల తర్వాత. లేదా ఇది కార్యాలయం లోపలి చిన్న సవరణ అని రాసి ఆయనే సాయంత్రానికి సంతకం పెట్టొచ్చు. కాకపోతే సిబ్బంది ఇంట్లోవాళ్లెవరికీ దానివల్ల లాభం ఉండకూడదు.

"ఈ ఒక్క నెలకి అక్కగారిని తీసెయ్యండి. మిగతా నలుగురికీ రేపే యంత్రాలు వెళ్తాయి. వచ్చే నెల మామూలుగా పరీక్షకి తీసుకురండి, మార్కు వస్తుంది, వంతొస్తుంది, ఎవడూ నోరెత్తడు. నెల రోజులేగా."

"ఇంటికెళ్లి అడిగి వస్తాను సార్," అంది ఆమె.

నాలుగంతస్తులూ ఎక్కేసరికి ఆమెకే గుండె దడదడలాడింది. అక్క కుర్చీలో ముందుకి వంగి, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూర్చుని ఉంది. అలా కూర్చుంటే కొంచెం ఊపిరాడుతుందట. చెల్లెలు నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. చీటీలూ, ఆరూ, డెబ్భై నాలుగూ, రంగులాయన ఈలా, ఎర్ర గీతలూ, ఏదీ దాచలేదు. అక్క మధ్యలో అడ్డుపడలేదు. మాట్లాడటానికి ఊపిరి కూడబెట్టుకుంటోంది.

"నూట పదిహేడా?" అంది చివరికి.

"అవునక్కా."

"ఎప్పట్నించి?"

"మొదటి నెల నూట నాలుగు. అప్పట్నించీ పెరుగుతూనే ఉంది."

"నేను నీ పక్క గదిలోనే ఉన్నానే."

చెల్లెలు తల దించుకుంది.

"ముప్పై ఏళ్లు దూది వేరుచేశాను. ఒక్క రోజు... ఒక్క రోజు కూడా ఈ గంపలోది ఆ గంపలో పడలేదు. ఎందుకో తెలుసా? చేత్తో ముట్టుకునేదాన్ని. నువ్వు ముట్టుకోవు. ముట్టుకుంటే మైలపడతావు."

"నేను న్యాయంగా ఉండాలనే కదక్కా."

"న్యాయం కాదు, గొప్ప. నాలాంటిది ఇంకొకతి లేదని... నీకు గొప్ప." అక్క ఆగి, నాలుగైదుసార్లు గాలి లాక్కుంది. "మా అక్కైనా సరే చూడనని ఎంతమందికి చెప్పుకున్నావు?"

చాలామందికే చెప్పుకుంది. టీ తాగేచోట, శిక్షణ తరగతిలో, ఒకసారి పెద్దసారు ఇంటి విందులో కూడా. అక్కకి ఆ లెక్క చెప్పలేకపోయింది.

"మిగతా నలుగురి సంగతేంటి?" అంది అక్క.

"నువ్వు ఒప్పుకుంటే వాళ్లకి రేపే వస్తాయి."

"ఒప్పుకోకపోతే?"

"అందరూ రెండు నెలలు ఆగాలి."

అక్క చాలాసేపు కిటికీ వైపు చూసింది. కింద ఎవరో స్కూటరు మాటిమాటికీ స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు.

"తీసెయ్," అంది. "కానీ ఒకటి. మా అక్కే తియ్యమంది అని... రేపెప్పుడూ ఎవరికీ చెప్పకు. నేను ఒప్పుకోలేదు. నువ్వే తీసేశావు. అదొక్కటైనా సరిగ్గా రాసుకో."

చెల్లెలు అలాగేనంది. ఇంకేమనగలదు? ఫోన్ చేసి పెద్దసారుకి చెప్పింది. ఆయన సాయంత్రంలోగా సంతకం పెట్టాడు, ఆమె నిజాయితీని రెండు వాక్యాల్లో మెచ్చుకున్నాడు కూడా. పుండు మీద కారం చల్లినట్టు ఆ మెప్పు ఫైల్లోకి ఎక్కింది.

ఆ నెలంతా రంగులాయన యంత్రం ఆమె బల్ల పక్కనే ఉంది. బతికున్నవాడు తిరిగిచ్చిన వస్తువుకి ఫారం తయారుచెయ్యాలని రాశారు, ఆ ఫారం ఇంకెక్కడో సంతకాల్లో తిరుగుతోంది. ఊడ్చేటప్పుడు ఆయా దాన్ని ఇటు జరిపేది, తర్వాత అటు జరిపేది. దాని మీద ఎవరో ఫైళ్లు పెట్టడం మొదలుపెట్టారు. మీటనొక్కితే పనిచేస్తుంది, ఆమె ఒకసారి నొక్కి చూసింది. ఇంట్లో అక్క రాత్రీ పగలూ కుర్చీలోనే కూర్చుంటోంది, పడుకుంటే ఆడటం లేదు. ఎవరికీ చెప్పకుండా దీన్ని ఆటోలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతే ఏమవుతుంది అని ఆమె రోజుకి పదిసార్లు అనుకునేది. పదిసార్లూ మానుకునేది. ఫైల్లో మెప్పు ఉంది కదా.

నెల తిరిగింది. పరీక్ష రోజు పొద్దున్నే కింది అంతస్తు టైలరూ ఆమే కలిసి అక్కని కుర్చీతో సహా ఎత్తి మెట్లు దింపడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు మలుపు దగ్గర అక్క పెదవులు నల్లబడ్డాయి. చేత్తో వద్దు వద్దని సైగ చేసింది. టైలరు భయపడి, "అమ్మా, ఈవిణ్ణి కిందికి తీసుకెళ్లేసరికి మనిషి దక్కదు," అన్నాడు. మళ్లీ పైకి మోశారు. మంచానికి ఆనించి, గుండె కుదుటపడే దాకా ఆగి, టైలరు భార్యని పక్కన కూర్చోబెట్టి, ఆమె ఆఫీసుకి వెళ్లింది. జాబితా చెయ్యాల్సిన రోజు అది.

మధ్యాహ్నానికి మార్కుల ఫైలు వచ్చింది. ఈసారి అక్క నంబరు ఆమెకి తెలుసు. వెతికింది. ఎదురుగా నర్సమ్మ చక్కగా కొట్టి ఉంది, "రాలేదు" అని.

ఆ మాట వైపు ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఈ మాటని ప్రోగ్రాంలో పంటికింద రాయిలాగే చూసింది గానీ, ఎందుకు రాలేదు అని ఒక్కసారీ ఆలోచించలేదు. రాలేనివాళ్లు రాలేదు. మొత్తం కాలమ్‌లో అందరికంటే ఊపిరాడనివాళ్లకి అంకె లేదు. ఆమె దిద్దిన ప్రోగ్రాం నడిపి చూసింది. ఏ పొరపాటూ లేకుండా నడిచింది. మార్కులున్నవాళ్లని సరిగ్గా పేర్చి, లేనివాళ్లు పది మందిని అందరికంటే కింద పెట్టింది. అక్క అట్టడుగున ఉంది, ఈసారి న్యాయంగా.

పెద్దసారు దగ్గరికి పరిగెత్తింది.

"సార్, రాలేనివాళ్లకి పాత మార్కే తీసుకుందాం. పది మందికీ."

"పరీక్ష చెయ్యకుండా మార్కెలా ఇస్తాం మేడం? నియమం మార్చాలంటే కమిటీ. మీకు నేను చెప్పాలా?" అని, గొంతు తగ్గించి, "ఆ పది మందిలో అక్కగారున్నారా?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

గదిలోకొచ్చి గడియ పెట్టింది. ఫైలు తెరిచింది. అక్క గడిలో "రాలేదు" చెరిపి, 117 కొట్టింది. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని అంకె ఆమె చేత్తో పడటం అదే మొదలు. తర్వాత కింది గడి వైపు చూసింది, అక్కడ ఇంకో "రాలేదు" ఉంది. దాని పాత మార్కు కూడా కావాలంటే దొరుకుతుంది. రానివాళ్లలో ఒకరు తగ్గితే ఛాతీ విభాగం గమనించదు. పది మందీ తగ్గితే సాయంత్రం లోపల ఫోన్ వస్తుంది, అందరి మార్కులూ పోతాయి, అక్కదీ పోతుంది. ఆమె లెక్క మనిషి, అది లెక్కేసుకుంది. ఫైలు మూసి జాబితా పంపింది.

మర్నాడు కిటికీ దగ్గర ఫారం మీద సంతకం పెట్టించుకుని యంత్రం ఇచ్చారు. ఏది ఇచ్చారనుకున్నారు? ఆమె బల్ల పక్కనున్నదే. రంగులాయన తిరిగిచ్చినదానికి ఫారం ఆ ఉదయమే వచ్చిందట, మూడో అంతస్తులోంచి తెచ్చుకోండి అన్నారు. ఆమె దాని మీది ఫైళ్లు కింద పెట్టి, తనే మోసుకుని దిగింది. ఇంటి దగ్గర ఆ పద్నాలుగు కిలోలూ నాలుగంతస్తులు ఎక్కించింది. ప్రతి మలుపులోనూ ఆగి రొప్పింది. ఆ పెద్దాయన ఈల ఎలా వేశాడో ఆమెకి అర్థం కాలేదు.

ప్లగ్గు పెట్టి, గొట్టం అక్క ముక్కుకి తగిలించి మీట నొక్కింది. యంత్రం గురగురలాడి నెమ్మదించింది. పావుగంటకి అక్క పెదవుల రంగు మారింది. భుజాలు దిగాయి. కుర్చీలో వెనక్కి ఆనుకుంది, నెల రోజుల్లో మొదటిసారి.

"లెక్క ప్రకారమే వచ్చిందా?" అంది. మాట మధ్యలో ఆగలేదు.

"లెక్క ప్రకారమే వచ్చిందక్కా."

"పరీక్షకి నేను వెళ్లలేదు కదే."

చెల్లెలు గొట్టం మెలికలు సరిచేస్తూ ఉండిపోయింది.

"నీ చెయ్యి ఇలా ఇవ్వు," అంది అక్క. ఆ చేతిని తీసుకుని, పూర్వం దూదిని తడిమినట్టు వేళ్ల కొసలు ఒక్కొక్కటే తడిమింది. "ముట్టుకున్నావన్నమాట."

"ముట్టుకున్నాను."

"ఎంతమంది రాలేదు?"

"పది మంది."

"నాతో కలిపా?"

"కలిపి. నువ్వు కాక తొమ్మిది మంది."

యంత్రం కాసేపు తన పని తను చేసుకుపోయింది.

"ఆ తొమ్మిది మందికీ ఆ గదిలో చెల్లెళ్లు లేరన్నమాట," అంది అక్క.

అక్క చెయ్యి పైకి లేచి ముక్కు దగ్గరి గొట్టాన్ని పట్టుకుంది. చెల్లెలు ఊపిరి బిగబట్టి చూసింది. అక్క గొట్టాన్ని కొంచెం సర్దుకుని, ఇంకా గట్టిగా బిగించుకుని, కళ్లు మూసుకుంది.